ఫారడే చూసిన చీకటి జాగా

(సైన్సు శీర్షిక – 9వ తరగతి విద్యార్థిని వ్రాసినది)

ఈ నెల గోడ పత్రికలో సైన్సు వంతు నాకు వచ్చింది. నేను మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త జీవితం వ్రాస్తున్నాను. ఆయన డైనమో కనిపెట్టినాడని పెద్ద తరగతి అక్కలకు తెలుసు. నేను డైనమో గురించి కొంచెమే వ్రాస్తాను. ఎక్కువ వ్రాసేది ఒక గాజు బుడ్డి గురించి. ఎందుకో ముందు చెప్పాలి.

మన హాస్టలు వరండా చివర ఒక పాత ట్యూబులైటు ఉండాది కదా. అన్ని చోట్లా ఎల్.ఇ.డి. లైట్లు పెట్టినారు గానీ దాన్ని మార్చలేదు. అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలప్పుడు తిరుచానూరు అంతా లైట్లతో ధగధగ మెరుస్తా ఉంటే మన ట్యూబు మాత్రం కొట్టుకుంటా కొట్టుకుంటా వెలగలేదు. కరెంటు పని చేసే అన్న వచ్చి స్టార్టరు పీకి, దాని మూత తీసి నాకు చూపించినాడు. లోపల చిన్న గాజు బుడ్డి ఉండాది. మన చిటికెన వేలి గోరంత. దాని లోపల రెండు రేకులు ఒకదానికొకటి తగలకుండా ఉండాయి. తర్వాత ఆయన టెస్టరును బోర్డులో పెట్టినాడు. టెస్టరు పిడిలో ఎర్రగా చిన్న వెలుగు వచ్చింది. దాంట్లో కూడా అట్లాంటి బుడ్డే ఉండాదంట. తీగ తెగి ఉంది, మధ్యలో ఏమీ లేదు, మరి కరెంటు ఎట్ల దాటింది, వెలుగు యాడి నుంచి వచ్చింది అని అడిగినాను. ఆయన నవ్వి, మీ సైన్సు మేడాన్ని అడుగు పాప అని చెప్పి పోయినాడు. (చెల్లెళ్ళకు ఒక మాట. బోర్డు జోలికి మీరు పోవద్దు. పెద్దవాళ్ళు ఉన్నప్పుడు దూరం నుంచి చూడండి.)

మేడంను అడిగితే ఆమె చెప్పినారు. ఆ బుడ్డిలో ఏమీ లేకుండా లేదు, చాలా తక్కువ గాలి లాంటి వాయువు ఉండాది, కరెంటు దాని గుండానే పోతుంది, పోతా పోతా దాన్ని వెలిగిస్తుంది అని. దీన్ని బుడ్డిలో పెట్టి శ్రద్ధగా చూసి వ్రాసి పెట్టినవాళ్ళలో ఫారడే ముఖ్యుడు అని చెప్పి, లైబ్రరీ నుంచి ఆయన పుస్తకం తీసి ఇచ్చినారు. ఆ పుస్తకం నేను మూడు సార్లు చదివినాను. మొదటిసారి కథ కోసం. రెండోసారి బుడ్డి కోసం. మూడోసారి ఆయన అన్న కోసం.

ఫారడే 1791 సెప్టెంబరు 22న ఇంగ్లండులో, లండన్ నగరం పక్కన న్యూయింగ్టన్ బట్స్ అనే చోట పుట్టినాడు. నాయన పేరు జేమ్స్. కమ్మరి పని. కొలిమి దగ్గర పని చేసే మనిషి గానీ ఒంట్లో బాగుండేది కాదు, చాలా రోజులు పనికి పోలేక ఇంట్లోనే ఉండేవాడు. అమ్మ పేరు మార్గరెట్. నలుగురు పిల్లలు. ఫారడే మూడోవాడు. 1801లో ధాన్యం ధరలు బాగా పెరిగినప్పుడు ఫారడేకు వారానికి ఒక్క రొట్టె ఇచ్చి దాంతోనే సరిపెట్టుకోమనేవాళ్ళంట. అప్పుడు ఆయనకు తొమ్మిదేళ్ళు. ఒక రొట్టెను ఏడు రోజులకు ఎట్ల కోసి ఉంటాడా అని నేను ఆలోచించినాను. మా ఇంట్లో బియ్యం అయిపోతే మా అవ్వ గంజి పలుచన చేస్తుంది, గంజిని పలుచన చేయొచ్చు గానీ రొట్టెను చేయలేము.

బడిలో ఆయన నేర్చుకున్నది చదవడం, వ్రాయడం, కొద్దిగా లెక్కలు. అంతే. 13 ఏళ్ళకు జార్జి రీబో అనే ఆయన పుస్తకాల అంగట్లో పనికి చేరినాడు. మొదట పని పేపర్లు మోయడం. ఆ కాలంలో పేపరు ధర ఎక్కువ, అందుకని ఒకే పేపరు నలుగురు చదివేవాళ్ళు. ఒక ఇంట్లో ఇచ్చి, చదివినాక వాపసు తీసుకుని, ఇంకో ఇంట్లో ఇవ్వాలి. సంవత్సరం తర్వాత రీబో ఆయనకు బైండింగు పని నేర్పడానికి ఒప్పుకున్నాడు. ఏడేళ్ళ ఒప్పందం.

పుస్తకాలు కుట్టేవాడు ఫారడే. కుడతా కుడతా చదివేవాడు. ఎన్‌సైక్లోపీడియాలో కరెంటు గురించిన వ్యాసం అట్లాగే కంట పడింది. జేన్ మార్సెట్ అనే ఆమె రసాయన శాస్త్రం గురించి ఆడపిల్లలకు అర్థమయ్యేలాగా మాటల రూపంలో వ్రాసిన పుస్తకం కూడా అట్లాగే దొరికింది. ఈ సంగతి మన బడిలో అందరూ తెలుసుకోవాలి. ఆడపిల్లల కోసం ఒక ఆడమనిషి వ్రాసిన పుస్తకం చదివి ఫారడే సైన్సులోకి వచ్చినాడు. చదివి ఊరుకోలేదు. చేతిలో ఉన్న చిల్లరతో కొనగలిగినవి కొని, పుస్తకంలో ఉన్నది నిజమో కాదో చేసి చూసినాడు. గాజును తిప్పి రుద్దితే కరెంటు పుట్టే చిన్న యంత్రం సొంతంగా చేసుకున్నాడు.

ఇప్పుడు అన్న గురించి. ఫారడే అన్న పేరు రాబర్ట్. నాయన లాగే కమ్మరి పని నేర్చుకున్నాడు. 1810లో లండన్‌లో టేటం అనే ఆయన సాయంత్రం పూట సైన్సు ఉపన్యాసాలు ఇచ్చేవాడు. లోపలికి పోవాలంటే ఒక్కోదానికి ఒక షిల్లింగు. ఫారడే దగ్గర అంత డబ్బు లేదు. ఆ షిల్లింగు రాబర్ట్ ఇచ్చినాడు. ఒక్కసారి కాదు, ఒక్కో ఉపన్యాసానికి ఇచ్చినాడు. నేను చదివిన పుస్తకంలో రాబర్ట్ గురించి ఉన్నది ఆ ఒక్క వాక్యమే. పేజీ తిప్పితే ఆయన మళ్ళీ లేడు.

మా అన్న కూడా ఇటికెల బట్టీలో పని చేస్తాడు. ఎండాకాలం బట్టీ, వానలు పడితే చెరువులో చేపలు పట్టే పని. నేను ఆరో తరగతిలో ఇక్కడ చేరేటప్పుడు పెట్టె, దుప్పటి, చెప్పులు వాడే కొన్నాడు. వాడు మూడో తరగతిలో బడి మానేసినాడు. మేము యానాదులము. మా ఇంట్లో పేరు వ్రాయడం తెలిసినదాన్ని నేనే మొదలు. అందుకని నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగినాను.

సరే, కథకు వస్తాను. అంగడికి వచ్చే ఒక సంగీతం ఆయన ఫారడే శ్రద్ధ చూసి 1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టిక్కెట్లు ఇచ్చినాడు. డేవీ అప్పుడు చాలా పేరున్న శాస్త్రవేత్త. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విని, విన్నదంతా వ్రాసి, బొమ్మలు వేసి, దాదాపు 300 పేజీల పుస్తకంగా తనే బైండింగు చేసి డేవీకి పంపించినాడు. బైండింగు పని వచ్చు కదా, ఆ పనే ఇక్కడ అక్కరకు వచ్చింది. డేవీకి అది నచ్చింది గానీ వెంటనే పని ఇవ్వలేదు. కొన్నాళ్ళకు అక్కడ ప్రయోగశాలలో పని చేసేవాడు కొట్లాడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ జాగాలోకి 1813 మార్చిలో ఫారడే పోయినాడు. సీసాలు కడగడం, సామాన్లు అందించడం. ఉండడానికి మేడ మీద రెండు గదులు.

ఆ సంవత్సరమే డేవీ, ఆయన భార్య యూరప్ దేశాలు తిరగడానికి పోతా ఫారడేను వెంట తీసుకుపోయినారు. ఒకటిన్నర సంవత్సరం తిరిగినారు. మిలాన్ నగరంలో ఓల్టాను చూసినాడు, బ్యాటరీ కనిపెట్టిన ఓల్టానే. కానీ డేవీ భార్య ఫారడేను ఇంటి పనివాడి కింద చూసేది. సమానంగా కూర్చోనిచ్చేది కాదు. ఆయనకు చాలా బాధ అయింది, మధ్యలో వదిలేసి ఇంటికి పోదామనుకున్నాడు. పోలేదు. డేవీ దగ్గర నేర్చుకోవలసింది ఇంకా ఉండాదని ఓర్చుకున్నాడు. ఇట్లాంటివి ఎట్ల ఉంటాయో మనలో కొందరికి తెలుసు, అందుకని ఎక్కువ వ్రాయను.

తర్వాత జరిగినవి త్వరగా చెబుతాను. ఇవి మీ పుస్తకాల్లో ఉండాయి. 1821లో సారా బార్నార్డ్‌ను పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకు పిల్లలు లేరు. అదే సంవత్సరం కరెంటు పోయే తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేసినాడు, ఈ రోజు ఫ్యాను తిరిగేది ఆ సూత్రం మీదే. 1824లో రాయల్ సొసైటీ సభ్యుడు అయినాడు, దానికి అడ్డుపడినది ఆయన గురువు డేవీనే. 1825లో బెంజీన్ కనిపెట్టినాడు. 1831 ఆగస్టు 29న ఇనుప రింగుకు రెండు పక్కలా తీగ చుట్టి, ఒక పక్క కరెంటు పెట్టినప్పుడు, తీసినప్పుడు రెండో పక్క తీగలో కూడా కరెంటు కదిలినట్టు చూసినాడు. మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు అదే.

1834లో ఆయనకు కొత్త మాటలు కావలసి వచ్చినాయి. నీళ్ళలో కరెంటు పోయేటప్పుడు ఒక కడ్డీని ఏమనాలి, రెండో కడ్డీని ఏమనాలి, మధ్యలో పోయే కణాలను ఏమనాలి. ఆయనకు గ్రీకు రాదు. విలియం హ్యూవెల్ అనే పండితునికి ఉత్తరం వ్రాసి అడిగినాడు. ఆనోడు, కాథోడు, అయాను అనే మాటలు అట్లా వచ్చినాయి. మనం సైన్సులో బట్టీ పట్టే మాటలు, తెలియక ఇంకొకరిని అడిగిన ఫారడే వల్ల పుట్టినాయని నాకు తెలియదు.

ఇంగ గాజు బుడ్డి. అది 1838 నాటిది.

మామూలు గాలిలో రెండు కడ్డీల మధ్య కరెంటు దాటాలంటే పెద్ద బలం కావాలి. అప్పుడు కూడా టపుక్కుమని ఒక్క నిప్పురవ్వ వస్తుంది, అంతే. మెరుపు కూడా అదే రకం. కానీ గాజు బుడ్డిలో నుంచి గాలి పంపుతో చాలా వరకు లాగేస్తే అక్కడ కరెంటు మెత్తగా, ఆగకుండా, మంచులాగా వెలుగుతా పోతుంది. ఈ వెలుగును ఫారడే కంటే వంద సంవత్సరాల ముందే కొందరు చూసినారు. చూసి ఆశ్చర్యపోయినారు. ఫారడే చేసింది వేరే. బుడ్డికి రెండు పక్కల నుంచి రెండు ఇత్తడి కడ్డీలు లోపలికి పెట్టి, కొనలు తగిలించి, గాలి లాగేసి, కరెంటు పోతా ఉండగానే కడ్డీలను మెల్లగా దూరం జరిపినాడు. జరుపుతా ఏమవుతుందో చూసినాడు.

మొదట ఋణ కడ్డీ కొన మీద వెలుగు పరుచుకుంది. ధన కడ్డీ కొన చీకటిగానే ఉంది. ఇంకా జరిపితే ధన కడ్డీ నుంచి ఊదా రంగు పొగలాంటి వెలుగు బయలుదేరి రెండో కడ్డీ వైపు సాగింది. దూరం పెంచే కొద్దీ అదీ పొడుగు పెరిగింది. కానీ అవతలి వెలుగును తగల్లేదు. రెండు వెలుగుల మధ్య చిన్న చీకటి జాగా అట్లాగే ఉండిపోయింది. అంగుళంలో పదహారో వంతో ఇరవయ్యో వంతో అంత సన్నం. పొగ పొడుగైనా ఆ చీకటి మాత్రం ఋణ కడ్డీ దగ్గర నుంచి కదల్లేదు, వెడల్పు మారలేదు. ఆయన దాన్ని కొలిచి వ్రాసి పెట్టినాడు. ఇప్పుడు దాన్ని ఫారడే చీకటి ప్రదేశం అంటారు. వెలుగుకు కాకుండా చీకటికి ఒక మనిషి పేరు పెట్టడం నాకు నచ్చింది.

అది ఎందుకు చీకటిగా ఉంది అనేది ఫారడేకు తెలియదు. తెలిసే దారి లేదు. ఎలక్ట్రాను ఒకటి ఉండాదని జె.జె. థామ్సన్ చూపించింది 1897లో. ఫారడే చనిపోయి అప్పటికి 30 సంవత్సరాలు.

మేడం మాకు ఎట్ల చెప్పినారంటే. గాలిలో ఎప్పుడూ కొన్ని విడి ఎలక్ట్రాన్లు ఉంటాయి. ధన కడ్డీ వాటిని లాగుతుంది. మామూలు గాలిలో గుంపు ఎక్కువ, మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా పోకముందే ఎవరో ఒకరికి తగులుతుంది. తిరుమల క్యూలో పరుగెత్తాలనుకున్నట్టు. గాలి పలుచన చేస్తే పరుగెత్తడానికి జాగా దొరుకుతుంది, వేగం వస్తుంది. అప్పుడు గాలి అణువుకు గట్టిగా తగిలితే దాంట్లో నుంచి ఇంకో ఎలక్ట్రాను ఊడుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు అవుతాయి. ఎలక్ట్రాను పోగొట్టుకున్న అయానులు వెనక్కి పోయి ఋణ కడ్డీని గుద్ది మళ్ళీ కొత్త ఎలక్ట్రాన్లను లేపుతాయి. అందుకే ఆ వెలుగు ఆగదు. ఊడేంత దెబ్బ కాకుండా కొంచెం తక్కువ దెబ్బ తగిలితే అణువు అదిరి, సర్దుకునేటప్పుడు ఆ శక్తిని వెలుగుగా వదులుతుంది. గాలిలో ఎక్కువ నత్రజని కాబట్టి ఒక పక్క నీలం, ఒక పక్క గులాబీ ఊదా వస్తాయి. టెస్టరులో నియాన్ కాబట్టి ఎర్ర నారింజ.

ఈ రంగుల చదువు మన తెలుగువాళ్ళు కూడా చేసినారు. 1898లో బరంపురంలో పుట్టిన కోచర్లకోట రంగధామరావు గారు వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ ప్రొఫెసరుగా ఉండి, మూలకాలు వెలిగేటప్పుడు వచ్చే రంగుల గీతల మీద చాలా సంవత్సరాలు పరిశోధన చేసినారు. 1972లో చనిపోయినారు.

చీకటి సంగతి అర్థం కావాలని మేడం మమ్మల్ని గ్రౌండులో ఆట ఆడించినారు. ముగ్గుపిండితో పన్నెండు గీతలు గీసినాము. గీత గీతకూ అమ్మాయిలు నిలబడినారు, వాళ్ళు గాలి అణువులు. ఒక అమ్మాయి ఎలక్ట్రాను. మొదటి మూడు గీతల్లో గీతకు అయిదు చింతపిక్కలు ఇస్తారు, అది శక్తి. నాలుగో గీత నుంచి గీతకు ఒక్కటే. ప్రతి గీత దగ్గర ఒక పక్క అరగదీసిన చింతపిక్క వేస్తాము. తెలుపు పడితే తగిలినట్టు, నలుపు పడితే తప్పించుకున్నట్టు. తగిలినప్పుడు చేతిలో అయిదో, అంతకంటే ఎక్కువో ఉంటే అన్నీ ఇచ్చేయాలి, తీసుకున్న అమ్మాయి చప్పట్లు కొడుతుంది. అది వెలుగు. అయిదు లేకపోతే చప్పట్లు లేవు.

ఇరవై సార్లు ఆడినాము. నేను నోటుబుక్కులో వ్రాసినాను. మూడో గీత దగ్గర 11 చప్పట్లు. ఆరో గీత దగ్గర 1. ఏడో గీత దగ్గర ఒక్కటి కూడా రాలేదు. ఎనిమిదో గీత దగ్గర మళ్ళీ 5. ఆ ఏడో గీత దగ్గర నిలబడిన అమ్మాయి తన దగ్గరికి ఎవరూ సరిగ్గా రాలేదని అలిగింది. ఫారడే చీకటి జాగాలో నిలబడినావు నువ్వు అని మేడం చెప్పినారు. ముందు బలంగా పరుగెత్తి వచ్చిన ఎలక్ట్రాన్లు ఉన్న శక్తి అంతా అక్కడే ఇచ్చేసి, చేతులు ఖాళీ అయి, వెలిగించే శక్తి లేక ఊరికే దాటిపోయే జాగా అది. తర్వాత మెల్లగా మళ్ళీ కూడగట్టుకుంటాయి.

నేను ఒక ప్రశ్న అడిగినాను. మొదటి మూడు గీతల్లోనే అయిదు పిక్కలు ఇవ్వాలని మనకు మీరు చెప్పినారు, బుడ్డిలో ఎలక్ట్రానుకు ఎవరు చెబుతారు అని. మేడం కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పినారు, అసలు కష్టం అదే అని. అయానులు ఎలక్ట్రాన్ల కంటే చాలా బరువు, మెల్లగా కదులుతాయి. అవి ఋణ కడ్డీ దగ్గర గుంపుగా చేరి లాగే బలాన్నంతా అక్కడే పెంచేస్తాయి. ఆ గుంపు వల్ల ఎలక్ట్రాన్ల పరుగు మారుతుంది. పరుగు మారితే అయానుల లెక్క మారుతుంది. మళ్ళీ గుంపు మారుతుంది. ఒకటి తెలియాలంటే ఇంకొకటి తెలియాలి. అందుకే దీన్ని కాగితం మీద తేల్చడం కష్టం, కంప్యూటరు కావాలి.

కంప్యూటరులో చేసేది మన ఆట లాంటిదే. బుడ్డిని సన్న గీతలుగా కోస్తారు. సెకనును వంద కోట్ల భాగాల కంటే ఎక్కువగా కోస్తారు. ఒక్కో ముక్క కాలంలో ప్రతి ఎలక్ట్రాను ఎంత జరిగింది, ఎవరికి తగిలింది చూస్తారు. అన్ని ఎలక్ట్రాన్లను చూడలేరు కాబట్టి లక్షల మందికి ఒక లీడరును పెడతారు. తగిలిందా లేదా అని కంప్యూటరు కూడా పిక్క వేసినట్టే ఒక అంకె వేసి చూసుకుంటుంది. ఆ పద్ధతికి జూదం ఆడే ఊరి పేరు పెట్టినారు, మాంటీ కార్లో అని. 1940ల నుంచి ఉండాది. ప్రతి అడుగుకూ ఎక్కడ ఎంత గుంపు ఉందో లెక్క చూసి లాగే బలం మళ్ళీ కడతారు. ఎవరూ చెప్పకుండానే ఆ చీకటి జాగా లెక్కలో నుంచి బయటికి వస్తుంది. అన్నిటిలోకీ గాలి కష్టమంట. నియాన్ అయితే ఒకటే రకం అణువు. గాలిలో నత్రజని 78 వంతులు, ఆక్సిజన్ 21 వంతులు. ఆక్సిజన్ వచ్చిన ఎలక్ట్రానును పట్టుకుని ఉంచుకుంటుంది. నత్రజని స్ప్రింగులాగా ఊగి శక్తిని దాచుకుంటుంది. వందల రకాల చర్యలు లెక్కలోకి తేవాలి.

ఇది దేనికి పనికొస్తుంది అని మీరు అడుగుతారు. కంప్యూటరు చిప్పుల మీద సన్న గీతలు చెక్కేది ఇట్లాంటి పలుచని వాయువుల్లో కరెంటు పంపే. అంటే బుడ్డి లెక్క కంప్యూటరు చేస్తుంది, ఆ కంప్యూటరు బుడ్డి వల్ల పుట్టింది. ఇంకొకటి, పైన ఆకాశమే పెద్ద బుడ్డి. పైకి పోయే కొద్దీ గాలి పలుచన. 80 కిలోమీటర్ల ఎత్తులో ఒత్తిడి ఇక్కడి దాంట్లో లక్షో వంతు. పెద్ద ఉరుముల మబ్బుల మీద, మనకు కనపడనంత పైన, ఒక్క క్షణం ఎర్రటి వెలుగులు వచ్చి పోతాయి. ఫారడే బుడ్డిలో వెలిగిన గాలే అది. 1989లో అమెరికాలో మొదటిసారి కెమెరాకు దొరికింది. మన తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకిలో ఒక రాడారు ఉండాది. 1024 యాంటెనాలు, ఒక పొలంలో నాటినట్టు. వంద కిలోమీటర్ల పైన, ఎండకు ఎలక్ట్రాన్లు ఊడిపోయిన గాలి ఎట్ల కదులుతుందో అది చూస్తుంది. నేను బస్సులో ఆ దారిన పోయినాను గానీ లోపలికి పోలేదు.

ఇప్పుడు లెక్కల గురించి వ్రాయాలి. అర్ధ సంవత్సర పరీక్షలో నాకు లెక్కల్లో 100కి 19 వచ్చినాయి. లెక్కలు మీ వాళ్ళకు రావులే అని ఒకరు అన్నారు. ఎవరో వ్రాయను. ఫారడేకు కూడా లెక్కలు రావు. ఆయన వ్రాసిన వాటిలో సమీకరణాలు లేవు. అయస్కాంతం చుట్టూ ఇనుప రజను ఎట్ల వంకరగా నిలబడుతుందో చూసి, బలానికి గీతలు ఉన్నాయని మనసులో బొమ్మ గీసుకున్నాడు. చాలామంది పెద్దవాళ్ళు దాన్ని లెక్క చేయలేదు. 1856లో మాక్స్‌వెల్ అనే చిన్న వయసాయన ఆ గీతల మీద లెక్కల్లో వ్యాసం వ్రాసినాడు. ఫారడేకు అప్పుడు 64 ఏళ్ళు. మరుసటి సంవత్సరం మాక్స్‌వెల్‌కు ఉత్తరం వ్రాసినాడు, లెక్కల్లో తేల్చినది మాలాంటి వాళ్ళకు మామూలు మాటల్లో కూడా చెప్పకూడదా అని.

నేను ఇది మేడంకు చూపించి, ఫారడేకే లెక్కలు రావు కదా అన్నాను. మేడం ఒప్పుకోలేదు. ఫారడే చీకటిని చూసినాడు, అది అంత వెడల్పే ఎందుకో చెప్పలేకపోయినాడు, చెప్పింది లెక్కలు వచ్చిన వాళ్ళు అన్నారు. అది నిజమే. నాకు కోపం వచ్చింది గానీ నిజమే. ఇప్పుడు రోజూ స్టడీ అవర్‌లో ముందు లెక్కలే తీస్తున్నాను.

ఆ బుడ్డి ప్రయోగం అయిన తర్వాత ఫారడే ఆరోగ్యం చెడిపోయింది. తల తిరగడం, మరుపు. 1841లో స్విట్జర్లాండుకు పోయి కొన్ని నెలలు ఉన్నాడు. మరుపు కోసమే ఏమో, చేసిన ప్రతి పనికీ నంబరు వేసి డైరీలో వ్రాసుకునేవాడు. ఆ నంబర్లు 16,041 దాకా పోయినాయి. 1845లో కోలుకుని మళ్ళీ మొదలుపెట్టి, అయస్కాంతం వెలుగును కూడా మారుస్తుందని చూపించినాడు. పిల్లలకు క్రిస్మస్ సెలవుల్లో ఉపన్యాసాలు ఇచ్చేవాడు. 1860లో ఒక కొవ్వొత్తి పెట్టుకుని ఆరు ఉపన్యాసాలు చెప్పినాడు. అవి పుస్తకంగా ఇప్పుడు కూడా దొరుకుతాయి. సర్ బిరుదు వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి రెండు సార్లు వద్దన్నాడు. 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులో రాణి ఇచ్చిన ఇంట్లో కుర్చీలో కూర్చుని ఉండగానే చనిపోయినాడు. లండన్‌లో హైగేట్ శ్మశానంలో మామూలు రాయి కింద పెట్టినారు.

టెస్టరు, భూతద్దం మేడం దగ్గర ఉండాయి. చూడాలనుకునే చెల్లెళ్ళు ఆదివారం మేడంను అడగండి. టెస్టరులో జాగా మరీ చిన్నది, చీకటి కనపడలేదు నాకు. కడ్డీల మీద వెలుగు మాత్రం బాగా కనపడింది.

సెలవులకు నన్ను ఇంటికి తీసుకుపోవడానికి మా అన్న వస్తాడు. వాడికి కూడబలుక్కుని చదవడం వచ్చు, ఇంత పొడుగు వ్యాసం చదవలేడు. అందుకని రాబర్ట్ షిల్లింగు ఇచ్చిన చోట ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీసినాను. ఆ రెండు వాక్యాలు వాడే చదవాలి. ఎవరూ ఆ గీతను చెరపవద్దు.